ఇంటి పన్నుకు విలువ కట్టేదెవరు? విశాఖ సంఘాల అభ్యంతరం ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ తేలిపోతుంది

ఏప్రిల్ వచ్చిందంటే విశాఖ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు మెసేజ్‌లు తిరుగుతాయి. నెలాఖరులోపు ఏడాది ఇంటి పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ అని ఒకటి. "పోయినేడుకీ ఈ ఏడుకీ ఇంత తేడా ఏంటండీ, మనం కొత్తగా గదేమైనా వేశామా?" అని ఇంకొకటి. మొదటిదానికి అందరూ బొటనవేలు గుర్తు పెడతారు. రెండోదానికి జవాబివ్వడం కష్టం. 2020 చివర్లో రాష్ట్రం చేసిన ఒక చట్ట సవరణ, దాని వెనక కేంద్రం పెట్టిన ఒక అప్పు షరతు, రిజిస్ట్రేషన్ శాఖ రాసుకునే ఒక విలువల పుస్తకం, ఇవన్నీ కలిస్తే తప్ప ఆ తేడా అర్థం కాదు.

ఆ సవరణను విశాఖలో వార్వా, నివాస్ లాంటి నివాసుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. విజయవాడలో ట్యాక్స్ పేయర్స్ అసోసియేషన్ కూడా అదే మాట అంది. పత్రికల్లో మాత్రం ఇది "పన్ను పెంపుపై నిరసన" అనే రెండు ముక్కల్లో తేలిపోయింది. పెంపు అనేది ఇందులో పైకి కనిపించే భాగం. విలువ ఎవరు కడతారు, రేటు ఎవరు వేస్తారు, ఏటా పెంచమని ఎవరు చెబుతారు అన్నవే అసలు ప్రశ్నలు. సంఘాల వాదనల్లో కొన్ని చాలా బలమైనవి. కొన్ని కోర్టు గుమ్మం కూడా దాటలేవు.

అద్దె లెక్క నుంచి ఆస్తి లెక్కకు

పాత పద్ధతిలో పన్నుకు ఆధారం అద్దె. మీ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా వేసి, అందులో ఇన్ని శాతం కట్టమనేవారు. నగరాన్ని జోన్లుగా విడదీసి, కట్టుబడి రకాన్నీ వాడకాన్నీ బట్టి చదరపు మీటరుకు నెలవారీ అద్దె ఖరారు చేసేవారు. పాత ఇళ్లకు వయసును బట్టి కొంత తగ్గింపు కూడా ఉండేది.

ఈ పద్ధతిలో లోపాలు లేవని ఎవరూ అనలేదు. రాష్ట్రంలో ఇళ్లకు 2002లో, వాణిజ్య భవనాలకు 2007లో చివరిసారి సాధారణ సవరణ జరిగింది. ఆ తర్వాత విశాఖలో అద్దెలు ఎన్ని రెట్లయ్యాయో అద్దెకుండేవాళ్లను అడిగితే చెబుతారు. నగరపాలక సంస్థ పుస్తకంలో అద్దె మాత్రం కదల్లేదు. పైగా కొలతలు ఎన్ని, జోను ఏది, పోర్షన్ అద్దెకిచ్చారా, సొంతానికి వాడుతున్నారా అన్న ప్రతి చోటా టేపు పట్టుకున్న మనిషి విచక్షణే. పక్కపక్కన ఒకే సైజు ఇళ్లకు వేర్వేరు పన్నులు పడటం అప్పుడూ ఉంది.

2020 నవంబరు 24 నాటి 198 జీవో, అదే ఏడాది పురపాలక చట్టాలకు చేసిన రెండో సవరణ కలిసి ఈ ఆధారాన్ని మార్చేశాయి. ఇక అద్దెతో పని లేదు. ఆస్తి మూలధన విలువ ఎంతో చూస్తారు. అంటే స్థలం విలువ, దాని మీద కట్టడం విలువ. రెండూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండే మార్కెట్ విలువల పుస్తకం ప్రకారమే. ఆ మొత్తం మీద ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం దాకా, ఇళ్లు కానివాటికి 0.20 నుంచి 2 శాతం దాకా నగరపాలక సంస్థ రేటు పెట్టుకోవచ్చు. నగరపాలక సంస్థల్లో ఖాళీ స్థలానికి 0.50 శాతం. 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలు. ఉన్న పన్ను మీద ఏటా పెంపు 15 శాతం దాటకూడదు. దీని మీద పాత మామూలే: పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు.

అప్పటి పురపాలక మంత్రి బొత్స సత్యనారాయణ పదే పదే చెప్పింది ఈ 15 శాతం పరిమితి గురించే. భయపడాల్సిందేమీ లేదు, ఎవరికీ అంతకు మించి పెరగదు అని. అది నిజమే. కానీ ఆ నిజం ఎంత దూరం నడుస్తుందో కాగితం మీద వేసి చూడాలి.

రెండు ఇళ్ల లెక్క

సీతమ్మధారలో వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఉందనుకుందాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు, ఎవరి నోటీసులోవీ కావు. స్థలంలో అవిభక్త వాటా 40 గజాలు, పుస్తకంలో గజం 30,000. స్థలం విలువ 12 లక్షలు. కట్టడం అడుగుకు 1,300 చొప్పున 13 లక్షలు. మొత్తం 25 లక్షలు. దీని మీద 0.10 శాతం వేస్తే ఏడాదికి 2,500 రూపాయలు. 0.50 శాతం వేస్తే 12,500. చట్టం మారకుండానే, కొత్త బిల్లు రాకుండానే, ఒక తీర్మానంతో, 15 శాతం పరిమితి వల్ల ఏళ్ల మీద అయినా సరే, పన్ను అయిదు రెట్లు కావడానికి చోటుందన్నమాట.

ఇప్పుడు అక్కయ్యపాలెంలో 200 గజాల్లో తాతల నాటి పెంకుటిల్లు. ముందు వరండా, వెనక నుయ్యి, రెండు కొబ్బరి చెట్లు. ఇంట్లో పింఛను మీద బతికే ఇద్దరు పెద్దవాళ్లు. గజం 50,000 అయితే స్థలమే కోటి రూపాయలు. పెంకుటిల్లుకు పుస్తకంలో పెద్ద విలువేం రాదు, వదిలేద్దాం. అన్నింటికన్నా తక్కువ రేటు 0.10 శాతం వేసినా ఏడాదికి 10,000. పాత పద్ధతిలో వాళ్లు కడుతున్నది 1,500 అనుకుంటే, 15 శాతం పరిమితి వల్ల మొదటి ఏడు 1,725 అవుతుంది, తర్వాత 1,984, ఆ తర్వాత 2,281. అయిదో ఏడు ముగిసేసరికి రెట్టింపు దాటుతుంది. అలా ఎక్కుతూ పోతే 14వ ఏట 10,000 చేరుతుంది. అది కూడా ఈ పద్నాలుగేళ్లూ గజం విలువ 50,000 దగ్గరే ఆగిపోతేనే. ఏటా 5 శాతం పెరిగినా గమ్యం ముందుకు జరుగుతూ ఉంటుంది. 21వ ఏట ఆ పన్ను 28 వేల దరిదాపుల్లో తేలుతుంది. పరిమితి ఏటా వేసే అడుగును చిన్నది చేస్తుంది. నడవాల్సిన దూరాన్ని ఏమీ తగ్గించదు.

ఈ రెండు ఇళ్లనూ పక్కపక్కన పెడితే, నిరసనల్లో పెద్దగా వినపడని ఒక సంగతి బయటపడుతుంది. కొత్త లెక్క ఫ్లాట్ల మీద కన్నా స్థలం ఎక్కువుండి రాబడి తక్కువున్న పాత ఇళ్ల మీద బరువుగా పడుతుంది. వన్‌టౌన్, అల్లిపురం, కంచరపాలెం, ఒకప్పుడు వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) ప్లాటు కొనుక్కుని ఎంవీపీ కాలనీలో ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగులు, వీళ్ల సంగతి ఇది. అభ్యంతరాల పత్రాలు పట్టుకుని విశాఖ నగరపాలక సంస్థకు, అంటే జీవీఎంసీకి, వెళ్లింది ఎక్కువగా అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు. వాళ్లకు కార్యవర్గం ఉంది, లెటర్‌హెడ్ ఉంది, నెలనెలా మీటింగు ఉంది. పెంకుటింటి పెద్దాయనకు అవేవీ లేవు. పన్ను కట్టేవాళ్ల సంఘం అంటే ఏ పన్ను కట్టేవాళ్లు అని ఎప్పుడూ ఒకసారి చూసుకోవాలి.

ఇంకో తిరకాసు కొత్తగా కట్టిన ఇళ్లది. 15 శాతం పరిమితి పాత పన్నుతో పోల్చి వేసేది. కొత్తగా అసెస్‌మెంట్ నంబరు వచ్చిన ఇంటికి పోల్చడానికి పాత పన్నే లేదు. పూర్తి లెక్క మొదటి రోజు నుంచే. అద్దె విధానంలో ఉన్న అసమానత పోగొడతామని తెచ్చిన పద్ధతి, ఒకే వీధిలో పాత కొత్త ఇళ్ల మధ్య ఏళ్ల తరబడి సాగే కొత్త తేడాను తెచ్చిపెట్టింది.

అప్పు వెనకాల వచ్చిన చట్టం

2020 మే. లాక్‌డౌన్. రాష్ట్రాల ఖజానాలు ఎండిపోయాయి. ఆ ఏడాదికి రాష్ట్రాలు తమ స్థూల ఉత్పత్తిలో 3 శాతానికి బదులు 5 శాతం దాకా అప్పు తెచ్చుకోవచ్చని కేంద్రం ప్రకటించింది. అయితే ఆ అదనపు రెండు శాతంలో ఎక్కువ భాగానికి షరతులు పెట్టింది. నాలుగు సంస్కరణలు చెప్పింది: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, వ్యాపార సౌలభ్యం, విద్యుత్ రంగం, పట్టణ స్థానిక సంస్థలు. ఒక్కోటి పూర్తి చేస్తే పావు శాతం అదనపు అప్పు.

పట్టణ స్థానిక సంస్థల షరతులో ఏముందో చూడండి. రిజిస్ట్రేషన్ విలువలకు తగ్గట్టుగా ఆస్తి పన్నుకు కనీస రేట్లు నోటిఫై చేయాలి. నీటికి, మురుగునీటికి యూజర్ చార్జీల కనీస రేట్లు కూడా పెట్టాలి. ధరలు పెరిగే కొద్దీ ఈ కనీస రేట్లు కూడా పెరిగే ఏర్పాటుండాలి. 198 జీవోతో పాటు వచ్చిన 196, 197 జీవోలు నీరు, మురుగు చార్జీల గురించే. 2021 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ ఈ సంస్కరణ పూర్తి చేసిన మొదటి రెండు రాష్ట్రాలు మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్ అని ప్రకటించి, మనకు 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి ఇచ్చింది. తర్వాత 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణ సంస్థల గ్రాంట్లు కావాలంటే ఆస్తి పన్నుకు కనీస రేట్లు నోటిఫై చేయాలని, వసూళ్లు రాష్ట్ర ఉత్పత్తి పెరుగుదలతో సమానంగా పెరగాలని ముడిపెట్టింది. అంటే ప్రభుత్వం మారినంత మాత్రాన ముడి విప్పడం తేలిక కాదు.

సంఘాల వాదనల్లో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది ఇక్కడే ఉంది. పన్ను కట్టేది విశాఖవాసి. పన్ను వెళ్లేది జీవీఎంసీకి. ఈ పద్ధతి మార్చినందుకు అప్పు తెచ్చుకునే వీలు దొరికింది రాష్ట్ర ఖజానాకు. ఇంత మార్పు జరిగినప్పుడు విశాఖ తరఫున మాట్లాడటానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2007లో ఎన్నికైన కౌన్సిల్ పదవీకాలం 2012లో ముగిశాక, 2021 మార్చి 10న 98 వార్డులకు పోలింగ్ జరిగేదాకా స్పెషల్ ఆఫీసర్ల పాలనే. ఒక్క కార్పొరేటర్ కూడా లేని రోజుల్లో నగరం పన్ను పునాది మారిపోయింది. కౌన్సిల్ వచ్చాక చేయగలిగింది 0.10కి, 0.50కి మధ్య ఒక అంకె ఎంచుకోవడం. అద్దె విధానమే ఉంచుకుంటామని తీర్మానం చేసే అవకాశం దానికి లేదు.

రాజ్యాంగం 243ఎక్స్ అధికరణం దీన్ని ఒప్పుకుంటుంది, అది వేరే మాట. పురపాలికలు ఏ పన్ను, ఏ పద్ధతిలో, ఏ హద్దుల్లో వేయాలో శాసనసభే చట్టం ద్వారా చెప్పవచ్చని అందులో ఉంది. 74వ సవరణ స్థానిక స్వపరిపాలన తెచ్చిందని ఉపన్యాసాల్లో వింటాం. పన్నుల దగ్గరకొచ్చేసరికి తాళంచెవి రాష్ట్రం దగ్గరే ఉంచింది. కాబట్టి కౌన్సిల్ లేకుండా చేశారన్నది రాజకీయంగా పెద్ద తప్పు, చట్టప్రకారం చెల్లుబాటు.

కోర్టులో నిలవని మాట

"ఆస్తి విలువ మీద పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదు, అది సంపద పన్ను, కేంద్రం పరిధి" అని సంఘాల మీటింగుల్లో తరచూ వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది. 1969లోనే సుప్రీంకోర్టు మద్రాసు పట్టణ భూమి పన్ను చట్టం కేసులో దీన్ని తేల్చేసింది. భూములు, భవనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలోని 49వ అంశం. దాన్ని అద్దె మీద లెక్కించినా, మార్కెట్ విలువ మీద లెక్కించినా అది భూమి మీద పన్నే. ఈ వాదన మీద లాయరు ఫీజు ఖర్చు పెట్టడం దండగ.

మరి గెలిచిన పన్ను చెల్లింపుదారుల సంఘాలు ఏం వాదించి గెలిచాయి? దూరం వెళ్లక్కర్లేదు, గుంటూరు ఉంది. గుంటూరు పురపాలక మండలికీ గుంటూరు పట్టణ పన్ను చెల్లింపుదారుల సంఘానికీ మధ్య కేసులో 1970లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పన్ను కోసం అద్దె విలువ కట్టేటప్పుడు అద్దె నియంత్రణ చట్టం ప్రకారం వచ్చే న్యాయమైన అద్దెను మించకూడదు, రెంట్ కంట్రోలర్ ఆ ఇంటికి అద్దె ఖరారు చేయకపోయినా సరే, పన్ను వేసే అధికారే ఆ సూత్రాల ప్రకారం లెక్క కట్టాలి అని. గుంటూరు సంఘం మండలికి పన్ను వేసే హక్కే లేదనలేదు. విలువ కట్టిన తీరును పట్టుకుంది. దేశమంతా అద్దె విధానానికి ఆ తీర్పు ఒక పైకప్పు అయింది. అద్దె నియంత్రణ వల్ల రాబడి పెరగడం లేదని రాష్ట్రాలు వేరే పద్ధతులు వెతుక్కోవడానికి ఇలాంటి తీర్పులు కూడా ఒక కారణం. ఒక విధంగా చూస్తే, ఆనాడు తెలుగు గడ్డ మీద పన్ను కట్టేవాళ్లు గెలిచిన గెలుపు తిరిగి తిరిగి మూలధన విలువ రూపంలో మన ఇంటికే వచ్చింది.

ముంబయి కథ ఇంకా దగ్గరది. అక్కడ 2010 నుంచి మూలధన విలువ పద్ధతి ఉంది. ఆస్తి యజమానుల సంఘం కోర్టుకు వెళ్లింది. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ఏం చేసిందంటే, చట్టాన్ని అలాగే ఉంచి నిబంధనల్లో 20, 21, 22లను కొట్టేసింది. ఆ స్థలంలో రేపు ఎన్ని అంతస్తులు కట్టుకోవచ్చో లెక్కేసి ఈ రోజు విలువ కట్టడం కుదరదని, ఇప్పుడు ఆ స్థలం, భవనం ఏ స్థితిలో ఉన్నాయో అదే చూడాలని చెప్పింది.

అక్కయ్యపాలెం పెంకుటింటికి ఈ మాట నేరుగా తగులుతుంది. పుస్తకంలో గజం 50,000 ఎందుకుంది? ఆ వీధిలో పాత ఇళ్లు కొని కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డర్లు అంత ధర పెట్టి కొంటున్నారు కాబట్టి. ఆ ధరలో రేపటి అయిదంతస్తులు దాగి ఉన్నాయి. ఇల్లు అమ్మే ఉద్దేశమే లేని మనిషి ఆ అయిదంతస్తుల విలువ మీద పన్ను కడుతున్నాడు. ముంబయి నిబంధనల్లో అది ఫార్ములాగా రాసి ఉంది కాబట్టి కోర్టుకు పట్టుబడింది. మన దగ్గర గజం ధరలో కలిసిపోయి ఉంది. కోర్టు దీన్ని అదే కళ్లతో చూస్తుందని చెప్పలేం గానీ, వాదించదగ్గ మాట ఇదే.

చార్జీల మీద చార్జీలు

యూజర్ చార్జీల గొడవను కూడా సంఘాలు ఇందులోనే కలిపి మాట్లాడాయి. అందులో న్యాయముంది. మన నగరపాలక సంస్థలకు వర్తించే 1955 నాటి చట్టంలో ఆస్తి పన్ను అంటే ఒకే ముద్ద కాదు. సాధారణ పన్ను, నీటి పన్ను, డ్రైనేజీ పన్ను, వీధి దీపాల పన్ను, పారిశుధ్య పన్ను అనే భాగాలు అందులోనే ఉన్నాయి. పారిశుధ్యానికి పన్ను కట్టించుకుంటూనే 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద ఇంటింటికీ నెలకు 120 రూపాయల దాకా చెత్త చార్జీ వేశారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, కట్టనివాళ్లు చాలామంది. ఎన్నికల్లో అది పెద్ద అంశమైంది. సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబరు 2న, మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని రద్దు చేస్తున్నామని ప్రకటించారు.

నెలనెలా గుమ్మం ముందుకొచ్చి అడిగే 120 రూపాయల మీద వచ్చినంత కోపం, ఏడాదికోసారి ఆన్‌లైన్‌లో కట్టే పన్ను పునాది మీద రాదు. రాజకీయ పార్టీలకు ఈ సంగతి బాగా తెలుసు.

ఇక పుస్తకం దగ్గరికి

ప్రభుత్వం వైపు కూడా ఒక మాట చెప్పాలి. మన దేశంలో ఆస్తి పన్ను రాబడి జీడీపీలో అర శాతం కూడా లేదు. వర్షం పడితే జ్ఞానాపురం ఎలా ఉంటుందో చూసినవాళ్లు నగరానికి డబ్బు అక్కర్లేదని అనరు. సర్వే నంబరుకో, డోర్ నంబరుకో అందరికీ కనపడేలా విలువ ఉండటం, టేపు పట్టుకున్నవాడి దయ మీద ఆధారపడటం కన్నా మేలే. అద్దె విధానానికి వెనక్కి వెళ్లాలన్న డిమాండు నాకు ఒప్పుగా తోచదు. ఆ పద్ధతిలో నష్టపోయింది కూడా నోరు లేనివాళ్లే.

కానీ ఆ విలువ ఎవరు, దేనికోసం కడుతున్నారు? మార్కెట్ విలువల పుస్తకం స్టాంపు డ్యూటీ కోసం పుట్టింది. అమ్మకం దస్తావేజులో ధర తగ్గించి రాయకుండా ఆపడానికి వేసిన కనీస గీత అది. 1994లో జవాజీ నాగనాథం కేసులో సుప్రీంకోర్టు, అదీ అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని ఆదిలాబాదు నుంచి వెళ్లిన కేసులోనే, భూసేకరణ పరిహారం లెక్కకు ఈ పుస్తకం ఆధారం కాదని చెప్పింది. స్టాంపు రాబడి కోసం రాసుకున్న విలువ అసలు మార్కెట్ విలువ కాదని. తర్వాత 1998లో రాష్ట్రం నిబంధనలు తెచ్చి పుస్తకానికి చట్టబద్ధత ఇచ్చింది. అయినా దాని పని మారలేదు. ఇల్లు కొనేవాడు ఆ పుస్తకం మీద జీవితంలో ఒకసారి కడతాడు. ఇప్పుడు ఇల్లు అమ్మనివాడు కూడా ఏటా కడుతున్నాడు.

విశాఖలో ఆ విలువలు దేన్ని చూసి కదులుతాయో చెప్పక్కర్లేదు. 2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినిపించగానే మధురవాడ, భీమిలి వైపు గజం ధరలకు రెక్కలొచ్చాయి. 2021 నవంబరులో మూడు రాజధానుల చట్టం వెనక్కి తీసుకున్నారు. ఈ లోపు పెరిగిన ఆశలకు ఎవరి జీతమూ పెరగలేదు. ఈ మధ్య డేటా సెంటర్ల పేరు చెప్పుకుంటున్నారు. 2025 ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో కొత్త రిజిస్ట్రేషన్ విలువలు అమల్లోకి వచ్చినప్పుడు టెన్షన్ పడి జనవరి నెలాఖరులో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులకు పరుగెత్తింది కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ. ఇంటి పన్ను కట్టేవాళ్లు అది తమ సంగతి కాదనుకున్నారు.

సంఘాలు తమ పోరాటాన్ని కొంచెం పక్కకు జరపాల్సింది ఇక్కడికే. జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర ధర్నా చేస్తే వినేది మేయరు, కమిషనరు. పునాది విలువ ఖరారయ్యేది జాయింట్ కలెక్టర్ అధ్యక్షతన కూర్చునే విలువల సవరణ కమిటీలో. కొత్త విలువలు వేసే ముందు ముసాయిదా పెట్టి అభ్యంతరాలు అడుగుతారు. ఆ గడువులో కాగితం పట్టుకుని వెళ్లే నివాసుల సంఘం అరుదు. మా వీధిలో ఈ విలువ బిల్డర్ ధర, సొంతంగా ఉండే ఇళ్లకు వేరే విలువ పెట్టండి అని లెక్కలతో అడిగితే కాదనడానికి వాళ్లూ లెక్కలే చూపించాలి. శాసనసభను అడగాల్సినవి వేరే రెండున్నాయి. సొంతంగా కాపురముండే పాత ఇళ్లకు, రాబడి లేని పెద్దవాళ్లకు రేటులో తేడా పెట్టే అధికారం కౌన్సిల్‌కు ఇవ్వడం ఒకటి. విలువలు సవరించిన ఏడాది పన్ను రేటును మళ్లీ కౌన్సిల్ ముందు చర్చకు పెట్టి తీరాలన్న నిబంధన రెండోది. విలువ పెరిగితే రేటు తగ్గించుకునే వీలు ఇప్పుడు కూడా ఉంది, కానీ అది 0.10 దగ్గర ఆగిపోతుంది. ఆ కింది గీతను కదిలించాలంటే అమరావతి ఒక్కటే చాలదు, ఢిల్లీలో ఆర్థిక సంఘం షరతుల దాకా వెళ్లాలి.